ఈడిత్ కూతుళ్ళు

"ఆడవాళ్ళు బయట కూర్చోవచ్చు" అన్నాడు ఆ బట్టతల పాదిరి, ఏదో వరమిచ్చినట్టు, తలుపు మూస్తూ. కూర్చోవచ్చట. హవీసా కూర్చోలేదు. ముఖం మీదే మూసుకున్న ఆ తలుపుకేసి, దాని మీద వరసగా దిగ్గొట్టిన ఇనప మేకులకేసి చూస్తూ నిలబడింది. పుట్టింది తను. ఆ పుట్టుక సక్రమమా అక్రమమా అని తేల్చేది మాత్రం లోపలున్న మగవాళ్ళు. బిషప్ గారి తరపున విచారణ చేసే న్యాయాధికారి, ఆయనకి అటొకరూ ఇటొకరూ పాదిరీలు, దావా వేసిన ఫుల్క్, వాడి వకీలు, ఇక తన తరపున మాట్లాడటానికి చనిపోయిన భర్త తమ్ముడు గిల్బర్ట్. తన తరపున! గాలి ఎటు వీస్తే అటు తలూపే గిల్బర్ట్, ఈస్టర్ ముందరి ఈ ఉపవాసాల్లో మాంసం లేక ఎండుచేపలు తిని తిని నోరు చచ్చిపోయిందని దారి పొడుగునా సణిగిన గిల్బర్ట్, తన అమ్మానాన్నల గురించి ఏం మాట్లాడతాడు? వాళ్ళ ముఖాలైనా ఎరుగునా? మఠం వరండా స్తంభాల మధ్య నుంచి వాన జల్లు ఏటవాలుగా లోపలికి కొడుతోంది. నడిమధ్య పచ్చిక నీళ్ళు తాగి తాగి ఉబ్బిపోయింది. గోడవారన పొడుగాటి రాతి అరుగు, ఆ అరుగుకి ఆ చివర నల్లటి ముసుగులో ముడుచుకుని ఇడోనియా పిన్ని. ఫుల్క్ కన్నతల్లి, హవీసా నాన్నకి సొంత తమ్ముడి భార్య. కొడుకు గెలుపు కళ్ళారా చూద్దామని అంత దూరం నుంచి వచ్చింది కాబోలు, ఆవిణ్ణి కూడా బయటే కూర్చోబెట్టారు. బాగా అయింది. హవీసా ఈ చివర కూర్చుంది. పలకరించలేదు. పలకరించే ఉద్దేశం కూడా లేదు.

రాయి చల్లదనం గౌను లోంచి ఎముకల్లోకి పాకుతోంది. ఎల్లర్‌బీ చర్చిలో, అమ్మ పోగానే నాన్న తమ ఇద్దరికీ చెక్కించిన సమాధి రాయి కూడా ఇంతే చల్లగా ఉండేది, చిన్నప్పుడు ప్రార్థన సాగుతున్నంతసేపూ దానికి చెంప ఆనించి కూర్చునేది తను. రోజర్ దొర, పక్కనే ఆయన భార్య మటిల్డా, రాతిలో చెక్కిన ఇద్దరూ చేతులు జోడించుకుని. ఊరందరి ఎదుట, చర్చి గుమ్మంలో, ఉంగరం తొడిగి చేసుకున్న పెళ్ళి అది. ఆ ఇద్దర్నీ ఇప్పుడు ఫుల్క్ ఆ రాతి కింద నుంచి లేపి విడదీస్తాడట. మీరు మొగుడూ పెళ్ళాలు కారు, మీకు పుట్టిన పిల్లకి మీ భూమి చెందదు, నాకే చెందుతుంది, లేచి చెరో దిక్కూ పొండి అంటాడట. ఎందుకయ్యా అంటే, రోజర్ ముత్తవ్వ గోడా, మటిల్డా ముత్తవ్వ ఈడిత్, ఇద్దరూ తోడబుట్టిన అక్కచెల్లెళ్ళు. నాలుగో తరం దాకా రక్తం కలిసినవాళ్ళు పెళ్ళాడకూడదని చర్చి కట్టడి. సరిగ్గా నాలుగో తరం దగ్గర పట్టుకున్నాడు దొంగని పట్టుకున్నట్టు! అది కూడా వాడి సొంత తెలివి కాదు. వాడి తండ్రి బెర్ట్రమ్ చిన్నాన్న, నాన్న మీద ఏదో మిల్లు దగ్గర తగువులో ఒళ్ళు మండి, ఆ రోజుల్లోనే బిషప్ గారికి ఒక ఫిర్యాదు పడేశాడు. నాన్న నవ్వాడట. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత అమ్మ పోయింది, నాన్న పోయాడు, చిన్నాన్న కూడా పోయాడు. మొన్న ఆకులు రాలే కాలంలో తన భర్త వారిన్ జ్వరంతో పోతే పరామర్శకి వచ్చాడు ఫుల్క్. తన బల్ల దగ్గర కూర్చుని, తన ఇంటి బాతు మాంసం తిని, వేళ్ళు తుడుచుకుని, తన కూతురు మాబెల్ బుగ్గ గిల్లి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే తండ్రి పాత ఫిర్యాదు దుమ్ము దులిపాడు. ఇవాళ పొద్దున ఇదే వరండాలో ఎదురుపడి ఏమన్నాడు? "అక్కా, నీ మీద నాకు కోపం ఉందనుకునేవు. లేదు సుమా. చట్టం అలా ఉంది, నేనేం చెయ్యను?" అక్కట. అక్క అంటూనే పుట్టుక లేనిదాన్ని చేస్తాడు.

చట్టం. చట్టం అనే తీసుకుపోయారు కదూ తనని కూడా, నాన్న సమాధి సున్నం ఆరకముందే. రాజుగారి మనిషి వచ్చాడు, ఎత్తుగా, దగ్గుతూ. ఈ పిల్ల ఇకనించి రాజుగారి సంరక్షణలో ఉంటుందన్నాడు. రాజుగారు ఆ సంరక్షణని ఒక బారన్‌కి అమ్మారు, ఆ బారన్ దొర, పిల్లకి పెళ్ళి చేసే హక్కుని వారిన్ తండ్రికి అమ్మాడు. తను గుర్రం మీద ఎవడో భటుడి ముందు కూర్చుని, వెనక్కి తిరిగి చూస్తే వాకిట్లో తనని పెంచిన మ్యూరియెల్ అవ్వ చెయ్యి ఊపకుండా, ఏడవకుండా, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది, ఎవరితోనో తగువు పడబోతున్నట్టు. మళ్ళీ చూడలేదు ఆవిణ్ణి. తను పెద్దదై భర్తతో తిరిగొచ్చేసరికి అవ్వ లేదు, కొండవాలు మీది ఓక్ చెట్లు లేవు. బారన్ కొట్టించి అమ్ముకున్నాడట. పిల్ల ఆస్తిని కాపాడటం అంటే అదీ! మొద్దులు మాత్రం మిగిలాయి, వాటి మీద కూర్చుని వారిన్ "నా పొలం" అన్నాడు, "నా వాగు" అన్నాడు. చెడ్డవాడు కాదు వారిన్. కొట్టేవాడు కాదు, తాగి పడిపోయేవాడు కాదు. కానీ ఒక్కసారైనా "నీ వాగు" అనలేదు. ఒకసారి తనే అంది నవ్వుతూ, అది మా నాన్న వాగు కదా అని. అతనూ నవ్వాడు. ఇద్దరూ కలిసే నవ్వారు కాబట్టి అది హాస్యమైపోయింది. ఇప్పుడు ఆ హాస్యం తలుచుకుంటే కూడా ఒళ్ళు మండుతోంది. ఎవరో ఒకరి సంరక్షణలో, ఎవరో ఒకరి పేరు కింద, ఆ నేల తనదీ తనదీ అంటూనే ఒక్కరోజైనా తన చేతిలోకి రాలేదు. వారిన్ పోయాక వచ్చింది. ఏడుస్తూనే ఆ నెలంతా పొలాల్లో తిరిగింది తను, ముసుగు అంచు బురదలో ఈడ్చుకుంటూ, ఏ గట్టు ఎక్కడ తెగిందో, ఏ కొట్టం కప్పు కారుతోందో చూసుకుంటూ. సంతోషపడింది కూడా. విధవరాలు సంతోషపడకూడదు. ఆ సంతోషం కనిపెట్టాడేమో ఫుల్క్, బాతు మాంసం తింటూ తింటూ.

లోపల ఎవరో పెద్దగా నవ్వారు. ఫుల్కే. ఆ నవ్వు చిన్నప్పుడు కూడా అంతే, గుర్రం సకిలించినట్టు. ఆ చివరన ఇడోనియా పిన్ని కొడుకు నవ్వు విని కూడా తలెత్తలేదు. వానలో దిగి వచ్చినట్టుంది, ముసుగు అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ముసలిదైపోయింది. ఎప్పుడైపోయింది? తన మొదటి కాన్పుకి వచ్చినప్పుడు ఇలా లేదు. అప్పుడు బలంగా ఉండేది, తన నడుం కింద రెండు చేతులూ పెట్టి ఎత్తి పట్టుకుంది రాత్రంతా, "అరువు పిల్లా, అరువు, ఈ గోడలు మోగాలి, మగాళ్ళు వినాలి" అంటూ. తన వైపు వాళ్ళు ఇంకెవరూ లేరు అప్పుడు. అత్తగారు వాకిట్లోనే ఉండి మగపిల్లాడా అని అడుగుతోంది. మగపిల్లాడు కాదు. ఆ బిడ్డ పిడికిలంత ఉంది, ఊదారంగు చెవులు. బతకదని అందరికీ తెలుసు, పాదిరి వచ్చేలోపే నీళ్ళు చల్లి పేరు పెట్టాలి. ఏం పేరు అని తన నోటికి రాలేదు. అప్పుడు పిన్నే అంది మెల్లగా, నీకు అభ్యంతరం లేకపోతే మా అమ్మ పేరు పెట్టు, ఎవెలీనా అని, ఆవిడ పేరు పెట్టుకోడానికి నాకు కూతురు పుట్టలేదు అని. పెట్టింది తను. ఎవెలీనా. తెల్లవారేదాకా ఉంది ఆ పేరుతో. అలాంటి మనిషి ఇవాళ ఆ చివర కూర్చుని, హవీసా పుట్టుకని అక్రమం అని రాయించే కొడుకు కోసం వానలో వచ్చింది. చేతులు ఎలా వచ్చాయి అలా కట్టుకుని కూర్చోడానికి?

తలుపు కిర్రుమంది. గిల్బర్ట్ ఒక్కడే వచ్చాడు, వచ్చి తలుపు మళ్ళీ దగ్గరికి వేశాడు. ముఖం వెలిగిపోతోంది. "వదినా, దేవుడున్నాడు" అన్నాడు. "బయటపడే దారి దొరికింది. న్యాయాధికారి గారే చెప్పారు, మంచాయన. మాబెల్‌ని ఫుల్క్ కొడుక్కి ఇచ్చేద్దాం. దావా ఎత్తేస్తాడు. నువ్వు బతికున్నన్నాళ్ళూ ఎల్లర్‌బీ నీదే. ఆ తర్వాత పిల్లలది. అటూ పోలేదు, ఇటూ పోలేదు."

"మాబెల్ పాలపళ్ళు ఇంకా ఊడలేదు."

"ఇప్పుడే కాపురానికి పంపమన్నారా ఏంటి? ఈస్టర్ కాగానే వాళ్ళింటికి పంపితే అక్కడే పెరుగుతుంది. పద్ధతి తెలుస్తుంది. నువ్వు అలా పెరిగిందానివే కదా?"

నువ్వు అలా పెరిగిందానివే కదా! దాన్ని పక్కన పెట్టి ఇంకో మాట వెతుక్కుంది. "గిల్బర్ట్, ఆ అబ్బాయి తాతా మా నాన్నా సొంత అన్నదమ్ములు. మాబెల్‌కీ ఆ అబ్బాయికీ మూడో తరమే. మా అమ్మకీ నాన్నకీ నాలుగో తరం అయితే పాపం. వీళ్ళకి మూడో తరం అయితే పుణ్యమా?"

"దానికి చర్చి అనుమతి తెప్పిస్తారులే. న్యాయాధికారి గారే రాస్తానన్నారు. ప్రతిదానికీ అడ్డు ప్రశ్నలు వెయ్యకు వదినా. పిలుస్తారు, రా, వచ్చి పుస్తకం మీద చెయ్యి పెట్టు, సరే అను. అంతే నీ పని." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఏడవకు మరి అక్కడ, వాళ్ళకి నచ్చదు" అన్నాడు.

ఏడవడమా? ఆమెకి ఏడుపు రావడం లేదు. చెవులు వేడెక్కాయి, పళ్ళు ఒకదాని మీద ఒకటి బిగిసి దవడ నొప్పెడుతోంది. మాబెల్ ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుంది? పొయ్యి పక్కన కూర్చుని రొట్టె అంచులు కొరికి మధ్యది పిల్లికి పడేస్తూ ఉంటుంది. ఈస్టర్ కాగానే. గుర్రం మీద, ఎవడో భటుడి ముందు. ఎక్కించేది ఈసారి ఎవరో కాదు, కన్నతల్లే. పాపం పుణ్యం ఇంత తేలికగా మడతపెట్టుకునేవైతే ఇంతకాలం ఈ మోకాళ్ళ మీద కూర్చుని చేసిన ప్రార్థనలేమిటి? భూమి వాళ్ళకి రాకపోతే రక్తం కలవడం ఘోరం, భూమి వాళ్ళకి వస్తే రక్తం కలవడం బంధుత్వం. వరసలు వీళ్ళు చదివే పద్ధతే అలాంటిది. పొద్దున తలుపు మూయకముందు ఫుల్క్ వకీలు ఎంత రాగయుక్తంగా చదివాడు, ఈడిత్ కొడుకు హ్యూ, హ్యూ కొడుకు వాల్టర్, వాల్టర్ కూతురు మటిల్డా. వాన నీళ్ళు గొట్టంలోంచి జారినట్టు కొడుకు, కొడుకు, కొడుకు అని జారి, చివర్న శిక్ష వెయ్యడానికి మాత్రం ఒక కూతురు దొరికింది. ఈడిత్ అంతేనా కన్నది, ఒక్క హ్యూనేనా? మ్యూరియెల్ అవ్వ అలా చెప్పేది కాదు. వాల్టర్ తాతకి చెల్లెలు అవ్వ, తల్లి లేని తనని పెంచడానికి వచ్చి ఎల్లర్‌బీలోనే ఉండిపోయింది. ఉన్ని దువ్వుతూ, దువ్వెన పళ్ళలో ఇరుక్కున్న పోగులు లాగుతూ చెప్పేది, ఈడిత్‌కి ఒక కొడుకు, ఒక కూతురు, కొడుకు సంగతి అందరూ చెబుతారులే, నేను కూతురి సంగతి చెబుతాను అని.

టప్ మని చప్పుడైంది. అటు చూసింది. ఇడోనియా పిన్ని ఎడం కాలి చెప్పు విప్పి అరుగు కింద పడేసింది. తడిసి తోలు బిగుసుకుపోయినట్టుంది. వంగి, ఆయాసపడుతూ మేజోడు కూడా లాగేసి, చలికి కమిలిపోయిన ఆ పాదాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుకుంటోంది. తెల్లటి పాదం, నీలి నరాలు, బొటనవేలి పక్క రెండు వేళ్ళూ గోటి దాకా ఒకదానికొకటి అతుక్కుని. హవీసా చూపు తిప్పేసుకుంది. మర్యాద కాదు చూడటం. చూపు తిప్పుకున్నాక గానీ చూసిందేమిటో తెలియలేదు. అతుక్కుని. రెండు వేళ్ళూ. తన ఎడమ పాదం కూడా బూటులో కదిలినట్టనిపించింది. తన పాదానికీ అంతే. మాబెల్ పాదానికీ అంతే, నీళ్ళు పోసేటప్పుడు ఆ రెండు వేళ్ళ సందున మట్టి ఉండదని నవ్వుకుంటుంది దాది. అమ్మకీ అలాగే ఉండేవట. అవ్వ తన పాదం ఒళ్ళో పెట్టుకుని ఆ వేళ్ళ మీద వేలు రాసి చెప్పేది, ఇది ఈడిత్ కుట్టు పిల్లా, దేవుడు ఈడిత్ సంతానం తప్పిపోకుండా వేసుకున్న కుట్టు, నాకుంది, మీ అమ్మకుంది, నీకుంది. ఇంకా ఎవరికుంది అవ్వా? ఇంకానా, ఈడిత్ కూతురు సిబిల్లాకి ఉండేది. అది సీసం గనుల యజమానిని పెళ్ళాడి ఉత్తరాదికి వెళ్ళిపోయింది, అక్కడ మంచు కరగదట, దానికి ఒక్కతే కూతురు. ఆ కూతురి పేరు... ఉన్ని దువ్వెన చప్పుడు వినిపిస్తోంది, ఉన్ని జిడ్డు వాసన వస్తోంది, పేరు మాత్రం రావడం లేదు. ఉత్తరాది. ఇడోనియా పిన్ని ఉత్తరాది మనిషి. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆవిడ యాస చూసి వంటింట్లో పనిమనుషులు వెక్కిరించేవాళ్ళు. సిబిల్లా కూతురి పేరు, పేరు, మ్యూరియెల్ అవ్వ దాన్ని సాగదీసి పాడినట్టు చెప్పేది, చివర్న గొంతు పైకెత్తి, ఎ వె లీ నా.

ఊదారంగు చెవుల బిడ్డ. మా అమ్మ పేరు పెట్టు. ఈడిత్ కూతురు సిబిల్లా, సిబిల్లా కూతురు ఎవెలీనా, ఎవెలీనా కూతురు ఇడోనియా. అంటే అమ్మ ఈడిత్‌కి ఎంత దూరమో పిన్నీ అంతే దూరం. నాన్న గోడాకి ఎంత దూరమో, నాన్న సొంత తమ్ముడు బెర్ట్రమ్ చిన్నాన్నా అంతే దూరం. రోజర్ మటిల్డాల పెళ్ళి పాపమైతే, బెర్ట్రమ్ ఇడోనియాల పెళ్ళి కూడా అదే పాపం, వెంట్రుకవాసి తేడా లేదు. తను అక్రమ సంతానమైతే ఫుల్క్ కూడా అక్రమ సంతానమే. ఇంత చదువుకున్నవాళ్ళకి ఒక్కడికీ ఎందుకు తట్టలేదు? ఎందుకు తడుతుంది! అమ్మ వైపు దారి కొడుకుల మీదుగా వచ్చింది కాబట్టి కనబడింది. పిన్ని వైపు దారి కూతుళ్ళ మీదుగా వచ్చింది. కూతురు పెళ్ళై గడప దాటితే వీళ్ళకి ఆ దారి అక్కడితో ఆఖరు. ఆమెకి నవ్వొచ్చింది, నవ్వుతో పాటే అంతకంతా కోపం పొంగుకొచ్చింది. ఎందుకంటే ఇందులో ఒక్కరికి మాత్రం తెలియకుండా ఉండే వీలే లేదు. పిన్నికి తన అమ్మమ్మ పేరు తెలియదా?

లేచి అరుగు పొడుగునా నడిచి వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది. "పిన్నీ, మీ అమ్మమ్మ పేరేంటి?"

ఇడోనియా పాదం రుద్దుకోవడం ఆపింది. "నువ్వెప్పుడు అడుగుతావా అని కూర్చున్నాను" అంది.

"నేను అడిగేదాకానా? నన్ను బజారుకీడుస్తుంటే, రేపు నా బిడ్డని కూడా పట్టుకుపోతామంటుంటే, నోట్లో మాట పెట్టుకుని కూర్చున్నావా?"

"ఏం చెప్పమంటావే? నేను నీ తండ్రికి పెళ్ళాన్ని కాను, పాపంలో కన్నాను నిన్ను అని నా కొడుక్కి చెప్పమంటావా? మీ చిన్నాన్న ఆ ఫిర్యాదు పెట్టిన రోజే నాకు తెలిసింది. ఆయనకే చెప్పలేకపోయాను. ఆయన పోయాక నా కింద ఉన్న ఇల్లు కూడా ఆయన పెళ్ళాన్ని కాబట్టి ఉన్నదే. అది పోతే ఈ వయసులో ఎక్కడికి పోను?"

"నేనెక్కడికి పోను? నా పిల్ల ఎక్కడికి పోతుంది?"

ఆవిడ పాదాన్ని గౌను కిందికి లాక్కుంది, అదేదో దొంగసొత్తు అయినట్టు. ఆ లాక్కోవడం చూస్తే హవీసాకి జాలి కలిగింది, జాలి కలిగినందుకు మరింత చిర్రెత్తింది. చూడు ఎలా అల్లారో ఈ వల. తను మునగకుండా ఉండాలంటే తనని ఒక రాత్రంతా చేతుల మీద ఎత్తిపట్టుకున్న మనిషిని ముంచాలి. ఇద్దరు ఆడవాళ్ళు చలిలో ఒకరి గొంతు ఒకరు పట్టుకోవాలి, లోపల మగవాళ్ళు నిప్పు పక్కన కూర్చుని పిల్ల పెళ్ళి ఖాయం చేసుకుంటారు. చెప్పకుండా ఉంటే? ఉంటే మాబెల్. అక్కడితో ఆలోచన ఆగిపోయింది, గోడకి కొట్టుకున్నట్టు. ఇంక దేనికీ చోటు లేదు.

తలుపు తెరుచుకుంది. బట్టతల పాదిరి "రండమ్మా" అన్నాడు.

లోపల వెచ్చగా ఉంది. నిప్పు, మైనం వాసన, తడి ఉన్ని వాసన. న్యాయాధికారి ముఖం నిజంగానే మంచివాడి ముఖంలా ఉంది, బల్ల మీద బంగారు అంచుల పుస్తకం ముందుకి జరిపి, "చెయ్యి పెట్టమ్మా, ఇంతటితో అందరికీ శాంతి" అన్నాడు. ఫుల్క్ కాళ్ళు బారజాపుకుని నిప్పు దగ్గర కూర్చున్నాడు. హవీసా చెయ్యి పెట్టలేదు. "అయ్యా, నా తమ్ముణ్ణి ఒక్క మాట అడగనివ్వండి" అంది. "ఫుల్క్, నీ తల్లి తల్లి పేరేంటి?"

"ఇప్పుడదెందుకు?"

"నా తల్లి వైపు నాలుగు తరాలు నీ వకీలు గుక్క తిప్పుకోకుండా చదివాడు. నువ్వు నీ తల్లి వైపు రెండు చెప్పు చాలు."

ఫుల్క్ వకీలు వైపు చూశాడు. వకీలు కాగితాల వైపు చూశాడు. "ఉత్తరాది వాళ్ళెవరో" అన్నాడు ఫుల్క్, మళ్ళీ ఆ సకిలింపు నవ్వు నవ్వి. "ముసలమ్మల పేర్లు నేను గుర్తుపెట్టుకోవాలా అక్కా?"

"అయితే నేను చెబుతాను" అంది హవీసా. చెప్పింది. ఈడిత్ నుంచి మొదలుపెట్టి, వకీలు చదివిన రాగంలోనే, ఆగకుండా. ఇడోనియా అన్న పేరు దగ్గరికి వచ్చేసరికి న్యాయాధికారి చేతిలోని ఈక కలం బల్ల మీద పెట్టేశాడు. గిల్బర్ట్ "వదినా!" అన్నాడు. ఫుల్క్ లేచి నిలబడ్డాడు, మెడ ఎర్రబడింది. "అబద్ధం! ఓడిపోతున్నానని విషం కక్కుతోంది. సాక్ష్యం ఏది? ఎవరు చెప్పారు నీకు? ఎవరైనా ఉన్నారా చెప్పేవాళ్ళు?"

"నేనున్నాను" అన్నారు వెనక నుంచి.

ఇడోనియా గుమ్మంలో నిలబడి ఉంది. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. పాదిరి అడ్డం రాబోతే అతన్ని పక్కకి నెట్టింది. పెద్దగా ఏం కాదు, దొడ్లో మేకని నెట్టినట్టు. "అది చెప్పినదంతా నిజమే. సిబిల్లా నా అమ్మమ్మ. ఏ పుస్తకం మీద చెయ్యి పెట్టమంటే దాని మీద పెడతాను. అయ్యా, నేను ఒక్క మగాడితోనే కాపురం చేశాను, చర్చి గుమ్మంలో చేసుకున్నవాడితో. అది పాపమని రాయాలనుంటే రాసుకోండి. కానీ దాని తల్లికి ఒక్కదానికే రాయకండి, నాకు కూడా రాయండి. ఇద్దరికీ రాయండి." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "సాక్ష్యం కావాలా? ఎడం కాలి బూటు విప్పరా."

నిప్పులో కట్టె ఒకటి చిటపటమంది. అందరి కళ్ళూ ఫుల్క్ ఎడం కాలి మీదున్నాయి. ఫుల్క్ ఆ కాలిని మెల్లగా, తనకి తెలియకుండానే, కుర్చీ కిందికి లాక్కున్నాడు.

బూటు విప్పలేదు. విప్పాల్సిన పని లేకపోయింది. న్యాయాధికారి అటూ ఇటూ ఉన్న పాదిరీలతో గుసగుసలాడి, ఆ పాత ఫిర్యాదుని కొనసాగించదలిచారా అని ఫుల్క్‌ని ఎంతో మర్యాదగా అడిగాడు. కొనసాగిస్తే రెండు పెళ్ళిళ్ళూ ఒకే తక్కెడలో తూగాలి, ఆ పైన రెండు భూములూ ఎవరికి పోతాయో రాజుగారి మనుషులు చూసుకుంటారు అన్నాడు. ఫుల్క్ పెదవులు తడుపుకుని, ఏదో పొరపాటు జరిగినట్టుంది, వాపసు తీసుకుంటాను అన్నాడు. పొరపాటట! శీతాకాలమంతా కంటికి నిద్ర లేకుండా చేసినదాన్ని పొరపాటు అని తుడిచేశాడు, వేళ్ళు తుడుచుకున్నట్టు. గిల్బర్ట్ వచ్చి "చూశావా వదినా, నేను చెప్పలేదూ, దేవుడున్నాడని" అన్నాడు. బట్టతల పాదిరి తీర్పు రాసి చదివి వినిపించాడు. విలియం మనవరాలు, రోజర్ కూతురు హవీసా సక్రమ సంతానమని. ఆమె ఇంకా ఏదో ఉందేమోనని వేచి చూసింది. ఏమీ లేదు, అంతే. "మా అమ్మ పేరు రాయలేదే?" అంది. "అవసరం లేదమ్మా" అన్నాడు పాదిరి, మైనం కరిగిస్తూ. గెలిచింది. గెలిచాక కూడా చెవులు అలాగే వేడిగా ఉన్నాయి.

బయటికి వచ్చేసరికి వాన సన్నబడింది. ఫుల్క్ అప్పటికే గుర్రం ఎక్కేశాడు, మనుషులతో సహా మలుపు తిరిగిపోతున్నాడు. తల్లిని తీసుకువచ్చిన ముసలి గుర్రాన్ని కూడా తాడు పట్టి వెంట లాక్కుపోతున్నాడు. వెనక్కి చూడలేదు. మఠం గేటు కమాను కింద ఇడోనియా ఒక్కతే, చేతిలో చిన్న మూటతో. అడగలేదు, పిలవలేదు, ఊరికే వీధిని చూస్తూ నిలబడి ఉంది. హవీసా గూడు బండి ఎక్కి కూర్చుని పరదా దించేసింది. దించి, ఎద్దుల మెడల్లో గంటలు కదులుతుంటే వింటూ, పళ్ళు బిగించి కూర్చుంది. పొద్దుటి నుంచీ తెలుసు ఆవిడకి. ఎన్నో ఏళ్ళుగా తెలుసు. చివరికి చెప్పింది, నిజమే, కానీ తను ముందు ముసుగు విప్పుకున్నట్టు నలుగురిలో నిలబడ్డాక. ఇంక ఆ ఇంటికి వెళితే ఫుల్క్ ఆవిడకి తలుపు తీస్తాడా? తియ్యడు. తీసినా కుక్కకి పెట్టినట్టు పెడతాడు. పెట్టుకోనీ. తనకేం? బండి కదిలింది. కమాను నీడ పరదా మీద పడి జరుగుతోంది.

"ఆపు" అంది హవీసా. పరదా ఎత్తింది. "ఎక్కు" అంది.

ఇడోనియా ఎక్కలేక ఎక్కలేక ఎక్కింది. హవీసా చెయ్యి ఇవ్వలేదు, చివరి క్షణంలో ఇచ్చింది. బండి ఊరు దాటి బురద దారిలో పడింది.

"కోపం పోలేదు కదూ నీకు?" అంది పిన్ని.

"పోలేదు. పోదు కూడా."

"పోనక్కర్లేదులే" అంది ఇడోనియా. "కాస్త అటు జరుగు, ఈ చెక్క వీపులో గుచ్చుకుంటోంది."

హవీసా కోపంగానే జరిగింది.